ఏరు దాటాక కూడా ఓడ మల్లయ్యే

రేవు పాట పాడుకున్న కుటుంబానికి సంవత్సరాది ఏప్రిల్లో వస్తుంది. గోదావరికి జులైలో వస్తుంది. పడవెక్కే జనానికి కార్తీకంలో వస్తుంది. ఈ మూడింటికీ పొంతన కుదిర్చే పంచాంగకర్త ఇంకా పుట్టలేదు. అంతదాకా ఆ పని మా అమ్మ పుట్టిన లంకలో పడవ నడిపే ఇంటివాళ్ళ నెత్తిన పడింది. దక్షిణ మాట దేవుడెరుగు, లెక్క తప్పినప్పుడల్లా ఎదురు కట్టుకోవాల్సింది కూడా వాళ్ళే.

ఈ తిరకాసు మెట్ట ప్రాంతాలవాళ్ళకు కాస్త విడమరిచి చెప్పాలి. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య ఉన్నది కోనసీమ. ఆ పాయల కడుపులో ఉన్నవి లంకలు. చుట్టూ నీళ్ళు, మధ్యలో కొబ్బరి, అరటి, కూరపాదులు, గేదెలు, వాటిని నమ్ముకున్న మనుషులు. లంకలో అన్నీ దొరుకుతాయి, మందుబిళ్ళ, పదో తరగతి పరీక్ష, పెళ్ళి పట్టుచీర తప్ప. ఆ మూడింటికీ ఏరు దాటాలి.

ఏరు దాటించే హక్కుకు వేలం ఉంటుంది. ఇది నిన్నమొన్నటి ఏర్పాటు కాదు. కాలువల మీద, రేవుల మీద మద్రాసు ప్రభుత్వం 1890లోనే చట్టం చేసింది. తెల్లదొరలు పోయారు, రాష్ట్రాలు మారాయి, జిల్లాలు చీలాయి, వేలం మాత్రం మిగిలింది. ఊళ్ళో దాన్ని రేవు పాట అంటారు. దక్కించుకున్నవాడు పాటదారు. సొమ్ము కట్టి, పడవ దింపి, సరంగును, కళాసులను చూసుకుని, మనిషికింత, సైకిలుకింత, మోటారు సైకిలుకింత అని ఏడాది పొడుగునా రాబట్టుకోవాలి. నరసాపురం–సఖినేటిపల్లి, కోటిపల్లి–ముక్తేశ్వరం లాంటి పెద్ద రేవుల్లో పంటు మీద కార్లు కూడా దాటుతాయి. అక్కడ పాట పెద్దది, పాడేవాళ్ళూ పెద్దవాళ్ళే. నేను చెబుతున్నది అలాంటి రేవు గురించి కాదు. ఒక ఇంజను పడవ, ఒక నాటు పడవ, ఒక ఇల్లు. అంతే ఆ కంపెనీ.

ఆ ఇంటి పెద్ద నాకు వరసకు మావయ్య. చుక్కాని ఆయనది. పెద్ద కొడుకు ఇంజను చూస్తాడు. చిన్నవాడు ముందు నిలబడి గెడ వేస్తాడు. టిక్కెట్టు పుస్తకం కోడలిది. చిల్లర లేదనేవాళ్ళను ఆ పిల్ల చూసే చూపుకు ఎక్కడో మడతల్లో ఉన్న పది రూపాయల కాగితం దానంతటదే బయటికొస్తుంది. బడిపిల్లల దగ్గర మాత్రం డబ్బు తీసుకోదు. ఎందుకని అడిగితే, "వాళ్ళు చదువుకుని వెళ్ళిపోతే మనకి ఎక్కేవాళ్ళు తగ్గుతారు కదా అన్నయ్యగారూ, ఆ పాపం కూడా మనమే కట్టుకుందారని" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ వ్యాపారం లోగుట్టంతా అందులో ఉంది.

ఆదాయం సంగతి చూడండి. మామూలు రోజుల్లో పాల క్యాన్లు, అరటి గెలలు, కూలికి వెళ్ళే ఆడవాళ్ళు, ఆసుపత్రికి వెళ్ళే ముసలివాళ్ళు. డీజిలు ఖర్చు పోగా చేతిలో మిగిలేది టీ నీళ్ళ పాటి. ఏడాదిని నిలబెట్టేవి పండగ రోజులు. కార్తీకంలో శివాలయాలకు, వనభోజనాలకు వచ్చేవాళ్ళు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి దిగే అల్లుళ్ళు, కోడిపందేల కోసం వచ్చే అల్లుళ్ళ స్నేహితులు. మాఘంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం. ఆ తర్వాత శివరాత్రి. ఈ నాలుగు నెలల్లో వచ్చినదే పాట సొమ్ములోకి, ఇంజను మరమ్మతులోకి, పడవ పలకల సందులు పూడ్చి తారు పూయడంలోకి, పిల్లల ఫీజుల్లోకి వెళ్ళాలి. రైతుకు ఏడాదికి రెండు పంటలైనా ఉంటాయి. రేవువాళ్ళకు ఒకటే పంట, అదీ జనం మీద పండాలి.

ఇక ఏరు. గోదావరి వరదకు ఒక చిత్రమైన గుణం ఉంది. వాన ఒకచోట, వరద ఇంకోచోట. మహారాష్ట్రలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వెంట నడిచొచ్చి ఇక్కడ దిగుతుంది. లంకలో ఆకాశం తేటగా ఉంటుంది, ఎండ చుర్రుమంటుంది, ఆరేసిన బట్టలు గంటలో ఆరిపోతాయి. ఏరు మాత్రం ఎర్రబడుతుంది. అందుకే రేవు మనిషి ఆకాశం వంక చూడడు. ముందు నీళ్ళ రంగు చూస్తాడు, తర్వాత నురగ, ఆ తర్వాత కొట్టుకొచ్చే దుంగలు. ఎర్రనీరు దిగిందని ఒక కేక వినిపిస్తే చాలు, ఊరి మాటల్లో భద్రాచలం మొదలవుతుంది. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు ధవళేశ్వరం చేరేసరికి కొలత మారుతుంది: 11.75, 13.75, 17.75. కాటన్ బ్యారేజీ 175 గేట్లూ లేపేస్తే ఇక ఆ నీళ్ళకు పాయలే దారి. మా లెక్కల మేష్టారు బెత్తం విరగ్గొట్టినా నాకు ఎక్కని దశాంశ స్థానాలను అక్కడి ముసలమ్మలు తమలపాకుకు సున్నం రాస్తూ వల్లిస్తారు.

నీరు ఆ గీతలకు చేరుతోందంటే రేవు మూసెయ్యమని తాఖీదు వస్తుంది. న్యాయమైన తాఖీదే. ఆ సుడుల్లో పడవ దింపడం ఎవరికీ క్షేమం కాదు, ఆ సంగతి తాఖీదు ఇచ్చినవాళ్ళకంటే సరంగుకే బాగా తెలుసు. పడవను ఒడ్డుకు లాగి కొబ్బరి మొదలుకు కట్టేస్తారు. పడవ ఆగుతుంది, పాట సొమ్ము ఆగదు. వేలంలో పాడిన అంకె ఏరు నిమ్మళంగా ఉన్న ఏడాదికీ అదే, ఎగదన్నిన ఏడాదికీ అదే.

వరదను ఆటంకం అంటాం. ఆ మాట ఎవరి వైపు నుంచి అంటున్నామో చూసుకోవాలి. గోదావరి లెక్కలో జులై నుంచి సెప్టెంబరు దాకా సీజను తనది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచొచ్చినది, చివరి మజిలీలో కాస్త ఒళ్ళు విరుచుకుంటే తప్పేముంది? లంక పుట్టిందే ఆ వరద తెచ్చిన మట్టితో. అరటికి, కూరపాదుకు బలం ఇచ్చేదీ ఆ ఒండ్రే. రేవువాళ్ళు ఈ సంగతి ఎరుగుదురు కనక జులై నష్టాన్ని నష్టంగా రాసుకోరు. మావయ్య నోటు పుస్తకంలో ఆ నెలల దగ్గర అంకెలు ఉండవు. "దాని రోజులు దానికి వదిలెయ్యాలి అల్లుడూ, మన రోజులు మనకి వదిలిందంటే చాలు" అంటారు.

బాధ వచ్చేది ఆ ఒప్పందం తప్పినప్పుడు. కార్తీకం దాకా నీళ్ళు తగ్గకపోతేనో, అక్టోబరులోనో నవంబరులోనో తుపాను పడితేనో, పాయలో మేట వేసి రేవు దారి మారిపోతేనో, వేసవిలో నీరు సన్నబడి పోటు వచ్చేదాకా పడవ ఇసుకలో కూర్చుంటేనో. 2020లో అయితే ఏరు కాదు, మనుషులే ఆగిపోయారు. మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకుంది. కొత్త పాట మొదలయ్యే వేళకు ఒడ్డున నరమానవుడు లేడు. ఆ ఆగస్టులోనే మళ్ళీ పెద్ద వరద. ఎవరి సీజను ఎవరు చెడగొట్టారో తేల్చుకోలేని ఏడాది అది.

ఇంతవరకు చెప్పినది ఒక కుటుంబం జమాఖర్చు. ఇంతే అయితే దీని మీద వ్యాసం అక్కర్లేదు. బీడు పడిన చేనుకో, మూతపడిన సినిమా హాలుకో కూడా ఇలాంటి కథే ఉంటుంది. రేవులో ఇంకో సంగతి ఉంది.

రేవు మూసిన రోజునే పడవకు పని ఎక్కువ.

2022 జులైలో గోదావరి ఎవరూ అనుకోని వేళ వచ్చింది. పెద్ద వరదలు ఆగస్టులో రావడం ఆనవాయితీ. ఆ ఏడు జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు తాకింది. 1986 ఆగస్టులో 75.6 అడుగుల దాకా వెళ్ళింది, దాని తర్వాత ఇదే. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రం వైపు వదిలారు. లంకల్లో నడుం లోతు, కొన్నిచోట్ల పీకల్లోతు. అప్పుడు బాలింతను గట్టు చేర్చింది, గేదెలకు గడ్డి మోసింది, పాల ప్యాకెట్లు, కొవ్వొత్తులు, మంచినీళ్ళ డబ్బాలు ఇంటింటికీ అందించింది పడవలే. రబ్బరు పడవల్లో వచ్చిన విపత్తు దళాలవాళ్ళు ధైర్యవంతులు, శిక్షణ పొందినవాళ్ళు. కానీ నీళ్ళ కింద ఏముందో వాళ్ళకేం తెలుస్తుంది? ఎక్కడ ముళ్ళకంచె, ఎక్కడ బోదె, ఎక్కడ ఒరిగిన కరెంటు స్తంభం, ఏ కొబ్బరితోటలో నీరు సుడి తిరుగుతుంది, ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలాయన ఉన్నాడు, ఇవన్నీ ఏ పటంలోనూ ఉండవు. లంక పడవవాడు ముందు కూర్చుని చెయ్యి చూపిస్తేగాని ఆ రబ్బరు పడవలు ముందుకు కదల్లేవు.

ఆ తెలివికి జీతం ఇస్తున్నదెవరు?

నేను చాలాకాలం అది ధర్మం కింద జమ అనుకునేవాణ్ణి. మంచి మనుషులు, ఆపదలో ఆదుకుంటారు, అంతే. మంచి మనుషులే, సందేహం లేదు. అయితే మంచితనంతో ఇంజను స్టార్టు కాదు. పడవ నీళ్ళు కారకుండా ఉండాలి, కళాసికి చెయ్యి తిరిగి ఉండాలి, పాయ పోకడ ఈ ఏడు ఎలా ఉందో కళ్ళకు కట్టినట్టు తెలిసి ఉండాలి. ఇవన్నీ ఏడాది పొడుగునా ఎవరో టిక్కెట్టు కొంటేనే నిలుస్తాయి. సంక్రాంతికి అత్తారింటికి వెళ్తూ, బండికి కూడా టిక్కెట్టా అని గొణిగే అల్లుడుగారు తనకు తెలియకుండానే శ్రావణంలో ఒక బాలింతను గట్టెక్కిస్తున్నాడు. అంతర్వేది తీర్థానికి వెళ్ళే భక్తుడు హుండీలో వేసినదానికి స్వామి ఫలం ఎప్పుడిస్తాడో గానీ, రేవులో ఇచ్చిన పది రూపాయలకు ఆరు నెలల్లో ఫలం ఇక్కడే కనిపిస్తుంది.

కాబట్టి సీజను చెడితే ఒక కుటుంబానికి డబ్బు పోయిందని ఊరుకుంటే లెక్క సగమే చేసినట్టు. డబ్బు వచ్చే ఏడు తిరిగి రావచ్చు. తిరిగిరానివి వేరే ఉన్నాయి. రెండు సీజన్లు వరసగా దెబ్బతిన్నాక మావయ్య చిన్న కొడుకు మస్కట్ వెళ్ళిపోయాడు. కోనసీమలో అది వార్త కాదు, గల్ఫ్‌లో మనిషి లేని వీధి అక్కడ అరుదు. వాడు అక్కడ లారీల నుంచి సామాను దింపుతున్నాడు, నెలనెలా డబ్బు పంపుతున్నాడు, ఇల్లు గడుస్తోంది. రేవు లెక్కలో మాత్రం గెడ వేసే చెయ్యి ఒకటి తగ్గింది. గెడ వెయ్యడం బడిలో చెప్పేది కాదు. తండ్రి పక్కన పదేళ్ళు నిలబడితే వచ్చేది. నాటు పడవ నడవాలంటే ఇద్దరు కావాలి. వచ్చే వరదకు ఆ రెండో మనిషి ఎవరు?

నీళ్ళెరిగిన చెయ్యి విలువ మనకు ఎప్పుడో ఒకసారి, అదీ ఘోరం జరిగాకే గుర్తొస్తుంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర వరద నీటిలో పర్యాటకుల బోటు మునిగింది. ఎన్ని ఇళ్ళల్లో దీపాలు ఆరాయో తెలుగునాట అందరికీ తెలుసు. నెలకు పైగా నదీగర్భంలో ఉండిపోయిన ఆ బోటును అక్టోబరు 22న పైకి తీసింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. తాళ్ళు, కొక్కేలు, లంగర్లు, నీళ్ళ అడుగున ఉన్నదాన్ని చేతివేళ్ళతో పోల్చుకునే అనుభవం, వాళ్ళ పెట్టుబడి ఇదే. ఆ రోజుల్లో టీవీల ముందు కూర్చుని వాళ్ళ పేర్లు చెప్పుకున్నాం. అలాంటి చేతులు ఏ రేవులో, ఏ ఆదాయం మీద బతికి ఉంటున్నాయని అడిగినవాళ్ళు తక్కువ.

ఇక వంతెన మాట. లంకలో వంతెన వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. ఉండకూడదు కూడా. అర్ధరాత్రి నొప్పులొస్తే ఏటిగట్టు మీద లాంతరు ఊపుతూ పడవను కేకేసే బతుకు ఎవరికి మాత్రం కావాలి? యానాం–ఎదుర్లంక మధ్య బాలయోగి వారధి వచ్చింది, చించినాడ దగ్గర వంతెన వచ్చింది, బోడసకుర్రు దగ్గర వచ్చింది. వాటితో కోనసీమ రూపే మారింది. రేవులు ఒక్కొక్కటే నిద్రపోయాయి. నరసాపురం–సఖినేటిపల్లి వంతెనకు శంకుస్థాపనలు జరుగుతూనే ఉన్నాయి, పంటు తిరుగుతూనే ఉంది.

వంతెన కోసం ఎదురుచూసే కాలం కూడా మెత్తగా గడవదు. 2018 జులైలో పశువుల్లంక దగ్గర బడిపిల్లలు ఎక్కిన నాటు పడవ ఇంకా కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. పడవ అవసరం తీర్చాల్సిన స్తంభం అది. ఆ పిల్లల సంగతి తలచుకున్న ఎవరూ పడవ బతుకును అందంగా వర్ణించి ఊరుకోలేరు. నేనూ వర్ణించబోవడం లేదు.

మావయ్యను ఒకసారి నేరుగానే అడిగాను. "వంతెన పడితే మీ సంగతేంటి మావయ్యా?"

"పడాలనే మొక్కుకున్నాను అల్లుడూ" అన్నారు చుక్కాని వదలకుండా. "నా కోడలి మొదటి కాన్పు ఈ పడవలోనే అయిపోయేది. దేవుడు అడ్డం పడ్డాడు. నా మనవరాలికి ఆ గండం వద్దు."

"మరి పడవ?"

"పడవకేం, వరదొస్తే మళ్ళీ పిలుస్తారు కదండీ సర్కారువారు" అన్నారు. నన్ను అల్లుడూ అని పిలిచే మనిషి ఆ ఒక్క వాక్యంలో మాత్రం అండీ అన్నారు. అది నాకు కాదు, ఎదురుగా లేని సర్కారుకు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని మనకో సామెత ఉంది. మనుషుల కృతఘ్నత మీద ఇంతకంటే సూటి మాట లేదు. కానీ ఈ సామెత కట్టినవాడు లంకవాడు అయ్యుండడు. అవతలి ఒడ్డుకు ఒక్కసారి చేరి, అటే వెళ్ళిపోయే బాటసారి ఎవరో అయ్యుంటాడు. లంకవాడు పొద్దున్న దాటి సాయంత్రం మళ్ళీ దాటాలి. మల్లయ్యను బోడి మల్లయ్య అంటే చీకటి పడ్డాక ఇల్లు చేరడు. లంకల్లో రేవువాళ్ళకు ఇప్పటికీ దక్కుతున్న మర్యాద వెనక ఆ తిరుగు ప్రయాణం ఉంది.

వంతెన పడిన మర్నాటి నుంచి మనమందరం ఆ బాటసారులం అవుతాం. దాటేశాం అనుకుంటాం. వంతెన పాయను దాటిస్తుంది, నిజమే. కానీ వరద వచ్చినప్పుడు లంక మునిగేది పాయ దగ్గర కాదు, ఇంటి గుమ్మం దగ్గర. గుమ్మం నుంచి వంతెన దాకా ఉన్న మైలు దూరం మీద నీళ్ళుంటాయి. కనకాయలంక కాజ్‌వే లాంటి దారులు ఏటా మునగడం చూస్తూనే ఉన్నాం. ఆ మైలు దూరానికి పడవ కావాలి. ఏడాదికి ఏ పది, ఇరవై రోజులో కావాలి. మిగతా రోజులన్నీ టిక్కెట్టు కొనేవాళ్ళు లేని పడవను, చెయ్యి తిరిగిన మనిషిని ఆ ఇరవై రోజుల కోసం ఎవరు అట్టేపెడతారు? పాటదారు పెట్టలేడు, పాట ఉండదు. మస్కట్ కుర్రాడు విమానం ఎక్కి రాలేడు.

ఊళ్ళో నిప్పు అంటుకోని ఏడాది అగ్నిమాపక కేంద్రం మూసెయ్యం కదా. ఫైరింజను వాళ్ళు ఖాళీగా కూర్చున్నారని జీతం ఆపం. ఖాళీగా కూర్చోవడమే మన అదృష్టం అనుకుంటాం. నీళ్ళ విషయానికి వచ్చేసరికి ఈ బుద్ధి మనకెందుకో పుట్టలేదు. నీళ్ళమీది పనిని వేలానికి పెట్టి, ఎక్కువ సొమ్ము పాడినవాడికి ఇచ్చి, వరద రాగానే అదే మనిషిని సేవకు రమ్మంటాం. ముందు వ్యాపారి అంటాం, తర్వాత వీరుడు అంటాం. రెండు మాటల మధ్య అతనికి కట్టాల్సింది ఎగ్గొడతాం.

చెయ్యాల్సింది పెద్ద ఘనకార్యమేమీ కాదు. రేవులు నడుస్తున్నన్నాళ్ళు, తాఖీదు ఇచ్చి మూయించిన రోజులకు పాట సొమ్ములో తగ్గించాలి. ఏరు చేసిన ఖాళీని కుటుంబం మీద రాయకూడదు. రేవు పోయి వంతెన వచ్చిన చోట, ముంపు లంకకొక పడవ, దానికి ఇద్దరు మనుషులు, ఏడాది జీతం. వాళ్ళు మామూలు రోజుల్లో పాయ పోకడ చూస్తారు, ఊరి పిల్లలకు ఈత నేర్పుతారు, గెడ పట్టడం ఇంకొకరికి అప్పజెబుతారు. వంతెనల అంచనాలు కోట్లలో ఉంటాయి. అందులో ఈ ఖర్చు కలిపితే ఆ పద్దు ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. వెతుక్కుంటే వెతుక్కుందాం, పద్దు ఉండటం ముఖ్యం.